మునెమ్మ ఇంటి కరెంటు మీటరు

మా వీధి చివర టైలరింగ్ షాపు పెట్టుకున్న ఖాదర్ భాయి కూతురు షబానా మొన్న స్వీటు డబ్బా తీసుకోని మా ఇంటికొచ్చింది. స్కాలర్‌షిప్పుల ఆఫీసులో ఉద్యోగమొచ్చిందంట. నేను ముప్పై ఏండ్లు పనిచేసి రిటైరైన డిపార్ట్‌మెంటే, చిత్తూరులో. "ఆంటీ, చేరేలోపల నేనేం చదువుకోవాల?" అని అడిగింది. "ఏమీ చదవొద్దు పాపా, బాగా చదివినోళ్ళతోనే ఆ ఆఫీసు ఇట్లయింది" అన్న్యాను. నవ్వేసి, మళ్ళొస్తానని పోయింది.

ఆ పిల్ల పోయినాంక నాకే మనసు బాగలేకపోయింది. ఎగతాళికి తక్కువేముండాది, నోరుంటే చాలు. మంచీ చెడ్డా చెప్పాల్సిన పెద్దదాన్ని నేను. అందుకని ఇది రాస్తాండాను. ప్రమోషను ఎప్పుడొచ్చింది, ఎవురు శాలువా కప్పినారు, అవన్నీ ఇందులో ఉండవు. శాలువాలన్నీ మా బీరువాలో ఉండాయి, కావాలంటే వచ్చి చూసుకోవచ్చు.

ఎవురు బీదోళ్ళు?

చేతికి పని నేర్పే చదువులుంటాయి గదా, ఐటీఐ, పాలిటెక్నిక్, నర్సింగు, ల్యాబు టెక్నీషియను ఇట్లాంటివి. బీద పిల్లోళ్ళు వీటిలో చేరితే ఫీజు గవర్నమెంటు కడుతుంది. కట్టే ముందర వాళ్ళు నిజంగా బీదోళ్ళా కాదా అని తేల్చాల. ఆ తేల్చేది మేము. మా నాయన ఐరాల పక్కన శెనక్కాయ చేలల్లో కూలికి పోయినోడు. బీదోళ్ళు ఎట్లుంటారో నాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదనుకున్న్యాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే తెలిసొచ్చింది, నేను చూసిన బీదరికానికి ఆ ఫారంలో గడే లేదని.

ఫారంలో ఉండే బీదోడు వేరే. ఆయనకు ఇంతకు మించి పొలం ఉండకూడదు, కారు ఉండకూడదు, ఇంట్లో సర్కారు జీతగాడు ఉండకూడదు, ఇన్‌కమ్ ట్యాక్సు కట్టకూడదు. ఈమధ్య ఇంకొకటి చేర్చినారు, ఇంట్లో కరెంటు నెలకు సగటున మూడు వందల యూనిట్లు దాటకూడదు. వీటిలో ఒక్కటి తగిలినా కంప్యూటరు ఆ పేరు మీద ఎర్ర గీత కొడుతుంది. గీత పడినాంక ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని అడిగే నాథుడు లేడు.

మా ఐరాల పక్కనే ఒక డ్రైవరు ఉన్న్యాడు. ఆయన చేత పని చేయించుకునే షావుకారు ట్యాక్సు తప్పించుకోవాలని కొత్త కారును డ్రైవరు పేరు మీద తీసుకున్న్యాడు. డ్రైవరు ఆ కారు కడుగుతాడు, తుడుస్తాడు, తోలతాడు. వాళ్ళ కూతురి పాలిటెక్నిక్ ఫీజు మాత్రం ఆ కారు కింద పడి చచ్చింది.

సత్యవేడు దిక్కు కథ ఇంకొకటి. ఇల్లు మన రాష్ట్రంలో, దగ్గరుండే బడి తమిళనాడులో. నడమ ఒక రోడ్డు. ఆ రోడ్డు దాటి చదువుకున్న పిల్లలందరూ మా లెక్కలో పరాయి రాష్ట్రం వాళ్ళు. "ఏమ్మా, రోడ్డెందుకు దాటినావు?" అని వాళ్ళను అడిగి, జవాబు రాసుకోని, ఫైల్లో పెట్టాల. దగ్గర బడి గదా అని దాటింది, ఇంకేముంటాది? ఇట్లాంటి ప్రశ్నలు అడిగి జీతం తీసుకున్నదాన్ని నేను. సిగ్గుగానే ఉండాది, ఏం చేసేది.

రూల్సు సారు

నాకు చానామంది ఆఫీసర్లు మారినారు. కొందరు మంచోళ్ళు, కొందరు నిద్రపోయేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు మంచోళ్ళూ నిద్రపోయేవాళ్ళూ. వాళ్ళందరి గురించి రాసేదేం లేదు. ఒకాయన గురించి మాత్రం చెప్పాల. పేరు వద్దు, మేమందరం ఆయన్ని రూల్సు సారు అనేవాళ్ళం. రూపాయి ముట్టడు. ఆఫీసులో కాఫీ కూడా తాగడు, ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు. "మనుషులు అబద్ధం చెప్తారు సులోచనా, కాగితం చెప్పదు" అనేది ఆయన మాట. కొత్తలో నేనాయన్ని నెత్తిన పెట్టుకున్న్యాను, ఇంత నిజాయితీపరుడు దొరికినాడే అని. నిజాయితీపరుడే, కాదనను. దానివల్ల ఎవురికి ఏం మేలు జరిగిందో ఇప్పటికీ నాకు తెలీదు.

ఒకసారి తిరుపతిలో ఒక ట్రైనింగు సెంటరు తనిఖీకి పోయినాము. బస్టాండు దగ్గర సందులో, మేడ మీద. కంప్యూటరు, హోటలు మేనేజుమెంటు నేర్పుతామని బోర్డు. అందులో చేరిన పిల్లలకు మా ఆఫీసునుంచే ఫీజులు పోతాయి. తనిఖీకి వస్తాండామని వారం ముందే ఉత్తరం రాయాలని రూలు. సారు రాసినాడు. దొంగ ఇంటికి పోలీసులు ముందే కార్డు ముక్క రాసి పోయేది మా డిపార్ట్‌మెంటులోనే చూస్తావు.

లోపలికి పోయి చూస్తే బెంచీల నిండా జనం. ముప్పై మందిలో ఇరవై మందికి గుండ్లు. అప్పుడే కొట్టించుకున్న గుండ్లు, పూసిన చందనం ఇంకా తడి ఆరలేదు. మొగోళ్ళు, ఆడోళ్ళు, ముందు బెంచీలో ఒక ముసలామె, ఆమె ఒళ్ళో ఏడాది బిడ్డ, ఆ బిడ్డకూ గుండే. సెంటరు ఓనరు పొద్దున్నే బస్టాండుకు మనిషిని పంపి, కొండ దిగి ఊరి బస్సు కోసం కాచుకున్న యాత్రికులను "రండి స్వామీ, గంటసేపు ఫ్యాను కింద కూర్చోండి, టిఫిను పెడతాము" అని పిల్చుకోనొచ్చి కూర్చోబెట్టినాడు. ఈ సంగతి ఆ మెట్ల కింద టీ అంగడాయనే నాకు తర్వాత చెప్పినాడు.

నేను ముసలామెను అడిగినాను, "ఏమ్మా, ఈడ ఏం నేర్చుకుంటాండావు?" అని. ఆమె నన్నొక చూపు చూసి తమిళంలో "టిఫిన్ ఎప్పో వరుం?" అనింది, టిఫిను ఎప్పుడొస్తాదని. ఓనరు చెమట తుడుచుకుంటా, "తెలుగు క్లాసు ఇంకా మొదలుపెట్టలేదు మేడం" అన్న్యాడు.

సారు ఇవేమీ వినలేదు. తలకాయలు లెక్కపెడతాండాడు. రిజిస్టరులో ముప్పై పేర్లు, గదిలో చంటిబిడ్డతో కలిపి ముప్పై ఒకటి. "ఒకటి ఎక్కువుండాదే" అని కాసేపు బాధపడి, బిడ్డను తీసేసినాడు. రిజిస్టరు సరిపోయింది. మెట్లు దిగేటప్పుడు నేను ఆపుకోలేక, "సార్, వాళ్ళు యాత్రికులు సార్" అన్న్యాను. ఆయన ఆగి నా దిక్కు చూసినాడు. "గుండు ఉండేవాళ్ళు చదువుకోకూడదని రూలుండాదా సులోచనా?"

"లేదు సార్."

"మరింకేం?"

విద్యార్థులు శుభ్రముగాను, క్రమశిక్షణతోను ఉన్నారు అని రిపోర్టు రాసినాము. రాసినాము అని ఎందుకంటాండానంటే ఆయన సంతకం కింద నా సంతకం కూడా ఉండాది. ఆ సెంటరుకు ఆ సంవత్సరం ఒక్క ఎర్ర గీత కూడా పడలేదు. వాళ్ళ కాగితాలు అంత శుద్ధంగా ఉన్న్యాయి. అసలైన పిల్లలకే కాగితాలు సరిగ్గా ఉండవు, వాళ్ళకు బతకడంతోనే సరిపోతుంది.

మునెమ్మ వచ్చిన రోజు

గుండ్ల క్లాసు అయిన నెలకో ఏమో, మునెమ్మ అనే ఆమె మా ఆఫీసుకొచ్చింది. పలమనేరు దాటినాంక కొండ కింద పల్లె. మొగుడు పోయినాడు. కూలికి పోతుంది, రెండావులుండాయి. ఒక్కతే కూతురు, రెడ్డెమ్మ. చిత్తూరులో ఒక ప్రైవేటు కాలేజీలో నర్సింగు రెండో సంవత్సరం చదవతా ఉన్నింది. మొదటి సంవత్సరం ఫీజు మేమే కట్టినాము. రెండో సంవత్సరం ఎర్ర గీత పడింది, కరెంటు మూడు వందల యూనిట్లు దాటిందని. ఫీజు రాకుంటే పరీక్షకు హాల్ టికెట్టు ఇవ్వమని కాలేజీవాళ్ళు కూర్చున్న్యారు. పరీక్షకు రెండు నెలలుండాది.

మునెమ్మ నా బల్ల ముందర నిలబడి, "మేడం, మా ఇంట్లో ఒక బల్బు, ఒక ఫ్యాను. ఫ్యాను కూడా తిరగదు" అనింది.

ఆ మాట రోజుకు పదిమంది చెప్తారు. నిజం చెప్పేవాళ్ళూ అదే చెప్తారు, ఇంట్లో రెండు ఏసీలు పెట్టుకోని వచ్చినోళ్ళూ అదే చెప్తారు. నేను కంప్యూటరు చూసి, "నాలుగు వందల ఎనభై యూనిట్లమ్మా! మా కలెక్టరాఫీసు కూడా ఇంత కాల్చదు. ఏం, రాత్రింబగళ్ళు ఇంట్లో సినిమా ఆడిస్తావా?" అన్న్యాను. చుట్టుపక్కల బల్లలవాళ్ళు నవ్వినారు. మునెమ్మకు అర్థం కాక ఆమె కూడా నవ్వింది. నాకు నోరెక్కువ, ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళను అడిగినా చెప్తారు. ఆ రోజు దాన్ని కట్టేసుకోనుంటే బాగుండేది.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఎవురైనా గీత తప్పని చెప్పుకుంటే నేను స్వయంగా ఆ ఇంటికి పోయి చూసి రిపోర్టు రాయాల. ఆఫీసులో అందరమూ ఒక పద్ధతి పెట్టుకోనుంటిమి. దానికి మేమే పేరు పెట్టుకున్న్యాము, కుర్చీ విచారణ అని. ఆ ఊర్లో పనిచేసే కింది ఉద్యోగికి ఫోను చేసేది, నాలుగు మాటలడిగేది, 'స్వయముగా విచారించితిని' అని రాసేది. పలమనేరు దాటి ఆ పల్లెకు పోవాలంటే రెండు బస్సులు మారాల, కడాన మూడు మైళ్ళు నడవాల. నేను ఫోను చేసినాను.

"మీటరు ఎవురి పేరు మీద ఉండాదబ్బా?"

"మునెమ్మ పేరు మీదే మేడం."

"బిల్లు సరిగ్గా కడతాండారా?"

"ఒక్క నెల ఆపింది లేదు మేడం, గడువు లోపలే."

చాలు గదా! 'స్వయముగా విచారించితిని. సదరు కుటుంబము అధిక విద్యుత్తు వాడుచు, బిల్లులు సకాలములో చెల్లించుచున్నది. అనర్హులు.' అక్షరాలు ముత్యాల్లాగా రాసినాను. రూల్సు సారు చదివి, "ఇట్లుండాల రిపోర్టు" అని ఇంకొకరికి కూడా చూపించినాడు. బిల్లు కట్టేది ఎవురు అని మాత్రం నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

మిషనుకు గది, మనుషులకు కొట్టం

మూడు వారాలకు అదే దిక్కు ఇంకొక పిల్లోని పని మీద పోవాల్సొచ్చింది. ఆ ఊరికి ఆడిటు వస్తాదని భయం, కాబట్టి ఈసారి నిజంగానే పోయినాను. సాయంత్రం తిరిగొస్తా ఉంటే రోడ్డు పక్కన ఒక చిన్న రేకుల ఇంటి ముందర ముప్పై నలభై మంది క్యాన్లు, చెంబులు పట్టుకోని వరసలో నిలబడుండారు. ఏందబ్బా అని తొంగిచూస్తే లోపల మునెమ్మ!

ఆ ఇంటికి ఉండేది ఒకటే గది. ఆ గది నిండా పాలు చల్లబెట్టే పెద్ద స్టీలు ట్యాంకు. ఊర్లో అందరి పాలూ పొద్దున, సాయంత్రం ఆడికే వస్తాయి. వెన్న చూస్తారు, కొలుస్తారు, ట్యాంకులో పోస్తారు, తెల్లారి డెయిరీ బండి వచ్చి ఎత్తుకోని పోతుంది. ముందు బడి పంచలో పెట్టుకోనుండినారంట. బడివాళ్ళు వద్దన్న్యారు. మిషనుకు వేరేగా కరెంటు కనెక్షను కావాలంటే నెలలు పడుతుందని, రోడ్డు పక్కనుండే ఇల్లని మునెమ్మ ఇంట్లో పెట్టి, మునెమ్మ మీటరుకే తగిలించినారు. బిల్లు పాలసెంటరు కడుతుంది. గది ఇచ్చినందుకు ఆమెకు దినామూ అర లీటరు పాలు.

"మరి నువ్వు యాడ పడుకుంటావు మునెమ్మా?" అని అడిగినాను.

"ఆవుల కొట్టంలో మేడం. పాప వస్తే ఇద్దరమూ ఆడనే" అనింది. "మిషను వేడి కక్కతాది, ఈడ పడుకుంటే ఉడికిపోతాము."

ఆమె మాత్రం నన్ను చూసి మురిసిపోయింది. అందరికీ చెప్తాండాది, చిత్తూరునుంచి మేడం మన కోసరం వచ్చింది, మన పాప పని అయిపోతుంది అని. గ్లాసు నిండా పాలు తెచ్చి చేతిలో పెట్టింది. నేను ఆమె కోసం రాలేదని చెప్పలేకపోయినాను. ఆ పాలు ఎట్లా తాగినానో నాకే తెలుసు.

నా కుర్చీ

మర్నాడు నేరుగా సారు రూములోకి పోయి జరిగింది చెప్పినాను. ఇంకొక రిపోర్టు రాస్తాను, ఆ అమ్మాయికి అర్హత ఉండాది అన్న్యాను. సారు నా మొదటి రిపోర్టు తీసి బల్ల మీద పెట్టినాడు.

"స్వయముగా విచారించితిని అని రాసినావే?"

"రాసినాను సార్."

"ఇప్పుడు మళ్ళా స్వయంగా విచారించినానంటాండావు. ఒకే ఇంటికి ఒకే మనిషి రెండు రిపోర్టులా? ఏది అబద్ధం?"

"మొదటిది సార్."

"అయితే అది కాగితం మీద రాసి ఇయ్యి. ఆ అమ్మాయి ఫైలు ఈ పొద్దే కదిలిస్తాను. నీ మీద ఫైలు కూడా ఈ పొద్దే తెరవాల. రూలు."

ఆయన బెదిరించలేదు. ఆయనకు బెదిరించడం రాదు. ఉన్నమాట చెప్పినాడు, అంతే. ఒక కాగితం రాసిస్తే రెడ్డెమ్మకు హాల్ టికెట్టు, నాకు మెమో. ఇంక్రిమెంటు ఆగుతుంది, పింఛనులో కూడా తగులుతుంది. నాకు రిటైరుమెంటు మూడేండ్లుండాది. ఇల్లు కట్టిన లోను ఇంకా తీరలేదు.

నేను రాసివ్వలేదు.

ఇంకొక దారి ఉండాదేమో చూడండి సార్ అని అడిగినాను. ఉన్నింది. వేరే ఆఫీసరుతో కొత్తగా విచారణ చేయించొచ్చు. అప్పుడు నా రిపోర్టు అబద్ధమని ఎవురూ అనరు, 'పరిస్థితులు మారినవి' అని రాస్తారు. ఎవురి కుర్చీకీ ఏమీ కాదు. సారుకు కూడా ఆ దారి నచ్చింది, అది కూడా రూలే గదా. ఆ ఆఫీసరు లీవులో ఉన్న్యాడు. లీవునుంచి వచ్చినాంక కరెంటాఫీసుకు ఉత్తరం రాసినాడు. వాళ్ళు ఆ కరెంటు ఎవురు కాలుస్తాండారో పాలసెంటరును అడగమన్న్యారు. పాలసెంటరువాళ్ళు డెయిరీని అడగమన్న్యారు. డెయిరీవాళ్ళు మిషను మాదే, ఇల్లు మాది కాదు అన్న్యారు. ఇల్లు డెయిరీది కాదన్న సంగతి మునెమ్మ కూడా చెప్పుండేది, దానికి డెయిరీ దాకా పోవాల్నా!

ఈ ఉత్తరాలు తిరుగుతా ఉండంగానే పరీక్షలు అయిపోయినాయి.

రెడ్డెమ్మ పరీక్ష రాయలేదు. కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు పట్టిపెట్టుకున్న్యారు. ఆ పిల్ల నెలరోజులు ఇంట్లో కూర్చోని, సత్యవేడు దిక్కు ఫ్యాక్టరీలో ఫోన్లు బిగించే పనికి పోయిందని ఆ ఊరి కింది ఉద్యోగే నాకు చెప్పినాడు. ఫోనులోనే చెప్పినాడు.

షబానా, ఇది నీ కోసమే రాస్తాండాను. ఆఫీసులో జరిగే అన్యాయాలన్నీ దుర్మార్గులు చేస్తారని అనుకోవద్దు. దుర్మార్గులకు అంత తీరిక ఉండదు. నేను చేసినట్లు చేస్తారు. లోను ఉండాది, పింఛను ఉండాది, ఇంకొక దారి ఏదన్నా ఉండాదేమో చూడండి సార్ అంటారు. నేను దొంగసొమ్ము తినలేదు, ఎవుర్నీ తిట్టలేదు, టయానికి ఆఫీసుకు పోయినాను. అయినా ఒక పిల్ల నర్సు కాకుండా పోయిందంటే అది నా చేతి రాతే. ఇది ఇంకొకరి మీదికి తోయడానికి లేదు.

మిషను కాపురాలు

మునెమ్మ ఇంట్లో గొడవ తెలిసి ఊరోళ్ళు ట్యాంకును పక్కింటికి మార్చినారు. పక్కింటి నాగరాజుకు ఐటీఐ చదివే కొడుకుండాడు. ఆర్నెల్లు తిరిగేసరికి నాగరాజు కోటీశ్వరుడైపోయినాడు, వాళ్ళ కొడుక్కు ఎర్ర గీత. మళ్ళా ఊరంతా కూర్చోని మాట్లాడుకున్న్యారు. చివరాఖరికి చదువుకునే పిల్లలు లేని ఇల్లు ఏదని వెతికి, పెండ్లి కాని ముసలాయన ఒకరింట్లో పెట్టినారు. పిల్లల చదువు కోసరం ఊరు మొత్తం పాలమిషనుకు బాడుగిల్లు వెతుక్కుంటా తిరగతాండాదంటే మా రూలు గొప్పతనం చూడు. ఆ ముసలాయనకు మాత్రం సంతోషం, అర లీటరు పాలొస్తాయి, నలుగురూ ఇంటికొస్తారు.

ఈ సంగతి నేను సారుకు చెప్పినాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆ ముసలాయన వృద్ధాప్య పింఛను ఆగిపోతుందే" అన్న్యాడు. ఆగిపోయింది కూడా, పింఛనుకూ అదే మూడు వందల యూనిట్ల రూలు. ఆయన మెదడు అంత చురుకు, ఎవురికి ఏది ఆగిపోతుందో ముందే తెలిసిపోతుంది. ఆపకుండా ఉండేది ఎట్ల అని మాత్రం ఆయన ఏనాడూ ఆలోచించి ఎరగడు. అది ఆయన పనిలో లేదు.

మెసేజి

సుమారు ఏడాదికి మునెమ్మ మళ్ళా ఆఫీసుకొచ్చింది. ఈసారి మొహమంతా వెలిగిపోతాండాది. కొంగులోనుంచి ఫోను తీసి నా చేతిలో పెట్టి, "ఏందో మెసేజి వచ్చింది మేడం. మీ ఆఫీసుదేనంట. పక్కింటి నాగరాజు సూసి, నీ పాపకు మంచి జరిగింది పో, పోయి అడుగు అన్న్యాడు" అనింది.

చదివినాను. రెడ్డెమ్మ పేరు, దరఖాస్తు నంబరు, కింద 'పునఃపరిశీలన అనంతరం మిమ్ములను అర్హులుగా నిర్ధారించడమైనది. అభినందనలు.' ట్యాంకు పోయి ఆర్నెల్లు దాటేసరికి ఆమె ఇంటి కరెంటు ముప్పై యూనిట్లకు దిగింది. ఆ రెండో విచారణ కూడా ఊరంతా తిరిగి తిరిగి చివరికి సంతకమై పడింది. రెండూ కలిసి కంప్యూటరు గీత చెరిపేసింది.

నాకు ఒక్కసారిగా ఎంత ఆశ కలిగిందో చెప్పలేను. ఇంకా దారి ఉండాది, పిల్లను మళ్ళా చేర్పించొచ్చు, కాలేజీవాళ్ళతో నేనే పోయి మాట్లాడతాను అనుకున్న్యాను. "నీ కూతురికి ఫోను కలుపు మునెమ్మా" అన్న్యాను. కలిపింది. ఫ్యాక్టరీలో అన్నం టయమంట, వెనకాల గిన్నెల చప్పుడు. నేనెవురో చెప్పి, గబగబా విషయమంతా చెప్పినాను. అర్హత వచ్చింది, ఫీజు కడతాము, రాజీనామా ఇచ్చి వచ్చెయ్యి, మిగతాది నేను చూసుకుంటాను అన్న్యాను.

ఆ పిల్ల అంతా విన్నింది. చివర్లో మెల్లగా, "మేడం, కోర్సు నడమ మానేసినోళ్ళకు ఇంక రాదు గదా?" అనింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఫారం వెనక పక్కనుండాది మేడం. కింద, చిన్నక్షరాల్లో. అర్హత పోయినప్పుడు ఆ ఫారం మొత్తం చదివినాను, యాడన్నా దారి దొరకతాదేమో అని. మీరొకసారి చూడండి."

బల్ల మీద ఫారాల కట్ట ఉన్నింది. ఒకటి తీసి వెనక్కి తిప్పినాను. ఇన్నేండ్లు నా చేతిలో నలిగిన ఫారం. కింద, చిన్నక్షరాల్లో, అచ్చం ఆ పిల్ల చెప్పినట్లే ఉండాది. మేము అభినందనలు చెప్పిన పిల్లకు మేము ఒక్క పైసా ఇవ్వడానికి లేదు.

"క్షమించు పాపా" అన్న్యాను. మొదటి రిపోర్టు రాసింది నేనేనని కూడా చెప్పినాను.

"అమ్మకు మీరు చెప్పొద్దు మేడం. బస్సెక్కి అంత దూరం ఆశపడి వచ్చింటాది. నేనొచ్చినప్పుడు మెల్లగా చెప్పుకుంటాను" అనింది. బెల్లు కొట్టినారు, ఫోను పెట్టేసింది.

మునెమ్మ నా మొహంలోకే చూస్తాండాది. "ఏమంట మేడం? ఏమనింది మా పాప?"

నేను ఫారాన్ని బోర్లా పెట్టి, "నీ కూతురు బాగా చదివే పిల్ల మునెమ్మా" అన్న్యాను.

"అవును మేడం, సిన్నప్పటినుంచీ అంతే, ఏం కాగితం కనపడినా సదవకుండా ఇడిసిపెట్టదు" అనింది మునెమ్మ. ఆమె నాకు దండం పెట్టి, ఫోను కొంగులో కట్టుకోని, పలమనేరు బస్సుకు టయమైందని నవ్వుకుంటా పోయింది.